ఎర్ర రక్తం... పసుపు లెక్క!

పత్తికీ మిరపకూ మందు కొట్టేవారి ఒంట్లో విషం ఎంత పనిచేసిందో చెప్పే రక్తపరీక్ష ఒకటుంది. పేరు కోలినెస్టరేజ్. ఖరీదైన యంత్రం ఉన్నా, మంచి టెక్నీషియన్ ఉన్నా ఆ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. తప్పించేది ఎవరో కాదు... రక్తమే!

ఆగస్టు దాటిందంటే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో ఎటు చూసినా వీపున ట్యాంకులే. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ, కాయ తొలిచే పురుగు. మిరపలో తామరపురుగు, నల్లి, ముడత. 1987-88లో తెల్లదోమ విజృంభించి పత్తిరైతును నిలువునా ముంచిన సంగతి ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూతను మింగేస్తుంటే ఒక మందు పనిచేయలేదని ఇంకో మందు, అదీ పనిచేయలేదని రెండూ కలిపి కొట్టినవారు ఎందరో.

సాయంత్రానికి తలనొప్పి. కళ్లు మసక. ఒళ్లంతా చెమటలు. 'మందు కొట్టాం కదా, మామూలే' అనుకుని స్నానం చేసి పడుకుంటారు. మరీ తేడాగా అనిపిస్తే పట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకుంటారు. ఆయన రాసిచ్చిన రక్తపరీక్ష చేయిస్తారు. చీటీ వస్తుంది. అందులో 'నార్మల్' అని ఉంటే చాలు... మర్నాడు మళ్లీ ట్యాంకు వీపునెక్కుతుంది.

ఆ ఒక్క మాట మీద అంత నమ్మకం పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, కొన్ని సంగతులు సరిగా జరిగితే. అవేంటో తెలియాలంటే ముందు ఆ పరీక్ష ఏం కొలుస్తుందో చూడాలి.

ఆర్పే చెయ్యి ఆగిపోతే...

మనం చెయ్యి కదపాలనుకుంటే మెదడు నుంచి వచ్చే సందేశం నరం చివరిదాకా వెళ్తుంది. అక్కడి నుంచి కండరానికి దాన్ని అందించేది అసిటైల్ కోలిన్ అనే రసాయనం. అది అందగానే కండరం బిగుస్తుంది. పనైపోయాక ఆ రసాయనాన్ని వెంటనే ముక్కలు చేసి తీసేయాలి. లేకపోతే లైటు వేసిన స్విచ్ వేసినట్టే ఉండిపోతుంది. ఆ స్విచ్‌ను ఆర్పే చెయ్యే అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు కొన్నివేల అసిటైల్ కోలిన్ అణువుల్ని విరగ్గొడుతుంది.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్... ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబం మందులు. పురుగును చంపడానికి ఇవి పట్టుకునేది సరిగ్గా ఈ ఎంజైమునే. చిక్కేమిటంటే పురుగులో ఉన్నదే మనిషిలోనూ ఉంది! చర్మం ద్వారానో శ్వాసలోనో మందు ఒంట్లోకి చేరితే ఎంజైము మూతపడుతుంది. అసిటైల్ కోలిన్ పేరుకుపోతుంది. నోట్లో నీళ్లూరడం, చెమటలు, వాంతులు, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం... అన్నీ దాని ఫలితమే.

నరాన్ని కోసి చూడలేం. అదృష్టవశాత్తూ ఇదే ఎంజైము మన ఎర్రరక్తకణాల పైపొరలోనూ ఉంటుంది. దానికి చుట్టం లాంటిది ఇంకోటి, బ్యుటిరైల్ కోలినెస్టరేజ్, కాలేయంలో తయారై రక్తంలోని పసుపుపచ్చ ద్రవం ప్లాస్మాలో తిరుగుతుంటుంది. ల్యాబ్ చీటీల్లో 'సీరం కోలినెస్టరేజ్', 'సూడో కోలినెస్టరేజ్' అని కనిపించేది ఇదే. నరాల పరిస్థితిని ఎక్కువ నమ్మకంగా చెప్పేది ఎర్రకణాల్లోని ఎంజైము. కొలవడానికి తేలిక మాత్రం ప్లాస్మాలోనిది. అందుకే మామూలు ల్యాబుల్లో ఎక్కువగా జరిగేది రెండోదే.

రంగే కాటా

ఎంజైమును కంటితో చూడలేం, తూకం వేయలేం. అది ఎంత వేగంగా పనిచేస్తోందో మాత్రం చూడొచ్చు. అందుకు అమెరికా శాస్త్రవేత్త జార్జ్ ఎల్‌మన్, ఆయన సహచరులు 1961లో ఓ చక్కని ఉపాయం ప్రకటించారు. అసిటైల్ కోలిన్‌ను పోలిన, గంధకం ఉన్న ఓ పదార్థాన్ని రక్తపు నమూనాలో కలుపుతారు. ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. విరిగిన ముక్క డీటీఎన్‌బీ అనే రసాయనంతో కలిసి పసుపురంగునిస్తుంది. పసుపు ఎంత త్వరగా చిక్కబడితే ఎంజైము అంత చురుగ్గా ఉన్నట్టు. విషం పనిచేసి ఉంటే రంగు మెల్లగా వస్తుంది. మరీ ఎక్కువ పనిచేస్తే దాదాపు రాదు.

రంగు చిక్కదనాన్ని కంటి అంచనాతో కాకుండా యంత్రంతో కొలుస్తారు. నమూనా గుండా 412 నానోమీటర్ల ఊదా-నీలి కాంతిని పంపి, ఎంత కాంతిని అది మింగేసిందో చూస్తారు. పసుపురంగు పదార్థం ఆ కాంతిని బాగా మింగుతుంది కాబట్టి లెక్క ఇట్టే తేలిపోతుంది. ఆరు దశాబ్దాలు దాటినా ప్రపంచమంతా ఈ పద్ధతినీ, దీని నుంచి పుట్టిన పద్ధతుల్నీ వాడుతోందంటే ఆ ఉపాయం ఎంత గట్టిదో అర్థమవుతుంది.

కానీ అందులోనే ఓ మెలిక ఉంది.

అడ్డొచ్చేది హిమోగ్లోబిన్

రక్తం ఎర్రగా ఎందుకుంటుంది? అందులోని హిమోగ్లోబిన్ ఎరుపును వదిలేసి ఊదా, నీలి కాంతుల్ని మింగేస్తుంది కాబట్టి. అది అత్యధికంగా మింగే కాంతి 415 నానోమీటర్ల దగ్గరుంటుంది. అంటే ఎల్‌మన్ పసుపును కొలవడానికి ఎంచుకున్న 412కు పక్కనే! యంత్రానికి రెండింటి మధ్య తేడా తెలియదు. ఎవరు మింగినా దానికి 'కాంతి తగ్గింది' అన్నదొక్కటే లెక్క.

ఆరోగ్యవంతుడి రక్తం ప్రతి వంద మిల్లీలీటర్లకూ 12 నుంచి 16 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది. ఎర్రకణాల ఎంజైమును కొలవాలంటే ఆ కణాలను పగలగొట్టాలి. పగలగొడితే హిమోగ్లోబిన్ అంతా బయటికొస్తుంది. ఎంజైము కొంచెం, దాన్ని కప్పేసే ఎరుపు కొండంత. పోనీ నీళ్లగా పలచన చేద్దామా అంటే ఎరుపుతోపాటు ఎంజైమూ పలచబడిపోతుంది.

ఈ చిక్కు విప్పడానికి జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు 1999లో ఓ మార్గం చూపారు. 412 దగ్గర కాకుండా 436 నానోమీటర్ల దగ్గర కొలవమన్నారు. అక్కడ పసుపురంగు బలం అయిదో వంతు మాత్రమే తగ్గుతుంది. హిమోగ్లోబిన్ అడ్డు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. ప్లాస్మాలోని చుట్టపు ఎంజైము కలగజేసుకోకుండా దాన్ని నిద్రపుచ్చే మందునూ వాడారు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ మొత్తం రక్తంలోంచి ఎర్రకణాల ఎంజైమును నమ్మకంగా కొలవడానికి దారి సుగమమైంది.

గోతం బరువు తీసేయాలి

మిరప యార్డులో టిక్కీని కాటా మీద పెడితే వచ్చేది కాయల బరువొక్కటే కాదు, గోతం బరువు కూడా. దాన్ని తీసేస్తేనే అసలు లెక్క. ల్యాబులోనూ అంతే. ఎంజైముకు పని అప్పగించకముందే నమూనాలో ఎంత రంగుందో చూసి, దాన్ని తీసేయాలి. ఇంకా మంచి పద్ధతి, ఒక్కసారి చూసి వదిలేయకుండా నిమిషనిమిషానికీ రంగు ఎంత పెరుగుతోందో చూడటం. హిమోగ్లోబిన్ రంగు మొదట ఎంతుందో చివరా అంతే ఉంటుంది. పెరిగేది ఎంజైము చేసిన పసుపు మాత్రమే. ఆటో ఎక్కగానే మీటరు మీద కనిపించే అంకెకూ, నడిచిన దూరానికి పెరిగే అంకెకూ ఉన్న తేడా లాంటిదన్నమాట.

అయితే మొదట్లోనే ఎరుపు మరీ ఎక్కువైతే యంత్రం కంటికి చేరే కాంతి నామమాత్రమవుతుంది. ఆ గుడ్డి వెలుతురులో చిన్న మార్పుల్ని పట్టుకోవడం దానికీ కష్టమే.

ఇంకో మాయ కూడా ఉంది. డీటీఎన్‌బీ రసాయనం గంధకం ఉన్న ముక్క ఎక్కడ కనిపించినా పట్టుకుంటుంది. ఎర్రకణాల్లోని గ్లూటథయోన్‌లోనూ, ప్లాస్మాలోని ప్రొటీన్లలోనూ అలాంటివి బోలెడు. అంటే ఎంజైము ఏ పనీ చేయకపోయినా కొంత పసుపు వచ్చేస్తుంది! ఓపిగ్గా పనిచేసే టెక్నీషియన్ ముందు డీటీఎన్‌బీని మాత్రమే కలిపి కొన్ని నిమిషాలు ఆగుతాడు. ఆ దొంగ పసుపు రావాల్సిందంతా వచ్చేశాకే ఎంజైముకు అసలు పని అప్పగిస్తాడు. తొందరపడితే లేని ఎంజైము ఉన్నట్టు కనిపిస్తుంది. విషం సోకినవాడికి 'ఫర్వాలేదు' అన్న చీటీ వెళ్తుంది.

గులాబీ రంగు సీరం

ఎర్రకణాలు ల్యాబులోనే పగలాలని లేదు. సన్నటి సూదితో, సిరంజిని బలంగా లాగినా, ట్యూబును గలగలా ఊపినా, ఎండలో గంటలకొద్దీ ఉంచినా దారిలోనే పగిలిపోతాయి. అప్పుడు లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరం గులాబీగానో ఎర్రగానో మారుతుంది. హిమోగ్లోబిన్‌తోపాటు ఎర్రకణాల ఎంజైమూ అందులో కలుస్తుంది. ఎల్‌మన్ పద్ధతిలో అసిటైల్ రకం పదార్థంతో ప్లాస్మా ఎంజైమును కొలుస్తుంటే ఈ రెండో ఎంజైము కూడా పనిచేసి లెక్కను పెంచేస్తుంది.

ఇది ఒక్క పురుగుమందుల పరీక్షకే పరిమితం కాదు. ఎల్‌డీహెచ్ అనే ఎంజైము సీరంలో కంటే ఎర్రకణాల్లో వంద రెట్లకు పైగా ఉంటుంది. కాలేయ పరీక్షల్లో కనిపించే ఏఎస్‌టీ, అంటే పాత చీటీల్లోని ఎస్‌జీఓటీ, కూడా ఎర్రకణాల్లో చాలా ఎక్కువ. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే కాలేయం శుభ్రంగా ఉన్నా అంకెలు ఎగబాకుతాయి. కామెర్ల రోగి సీరంలోని పసుపూ, నెయ్యి వేసుకుని భోంచేసి వచ్చినవారి సీరంలోని తెల్లటి మడ్డీ కాంతికి అడ్డమే. అందుకే 'నమూనా బాగాలేదు, మళ్లీ రక్తం ఇవ్వండి' అని ల్యాబువాళ్లు పిలిస్తే విసుక్కోకూడదు. నిజానికి అది మంచి ల్యాబు లక్షణం.

ట్యూబులోనూ ఆగని పని

రక్తం ఒంట్లోంచి బయటికొచ్చినా విషం తన పని ఆపదు. రక్తంలో తిరుగుతున్న పురుగుమందు ట్యూబులోని ఎంజైమును ఇంకా మూసేస్తూనే ఉంటుంది. విరుగుడు మందు ఇచ్చి ఉంటే అది మరోపక్క తెరుస్తూ ఉంటుంది. ఊళ్లో పొద్దున తీసిన రక్తం బస్సులో పట్నం చేరి మధ్యాహ్నానికి యంత్రమెక్కితే, చీటీలోని అంకె పొద్దుటి మనిషిది కాదు... మధ్యాహ్నపు ట్యూబుది! తీవ్రమైన కేసుల్లో రక్తం తీయగానే చల్లబరచాలనీ, వెంటనే పలచన చేయాలనీ నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

కార్బమేట్ మందులది ఇంకో కథ. అవి ఎంజైమును మూసినా కొన్ని గంటల్లో వాటంతటవే వదిలేస్తాయి. ఒంట్లోనే కాదు, ట్యూబులోనూ వదిలేస్తాయి. ఆలస్యంగా చేసిన పరీక్షలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఆసుపత్రుల్లో 'పామ్' అని పిలిచే విరుగుడు, ప్రాలిడాక్సిమ్, ఎక్కించాక తీసిన రక్తంతోనూ జాగ్రత్త అవసరం. ఎంజైముతో పనిలేకుండానే ఆ మందు పరీక్షలోని పదార్థాన్ని విరగ్గొట్టి పసుపు పుట్టించగలదు. వీలైతే మొదటి నమూనా విరుగుడుకు ముందే తీస్తే మంచిది. అంతేగానీ పరీక్ష కోసం చికిత్స ఆపకూడదు. లక్షణాలు చూసి అట్రోపిన్ మొదలుపెట్టడమే డాక్టర్ల పద్ధతి. చీటీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు, ప్రాణం ముందు.

ట్యూబు మూత రంగు కూడా ముఖ్యమే. షుగరు పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది ఈ ఎంజైమును అణచేస్తుంది. విషం లేనివాడికీ విషం సోకినట్టు చూపిస్తుంది.

కూలి తల్లి రక్తం... ఇంకో లెక్క

ట్యాంకు మోసేది ఎక్కువగా మగవారు. మందు కలిపేది, నీళ్లు మోసి ట్యాంకులు నింపేది, ఆ తర్వాత కాయలు కోసేది ఆడవారు. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు పల్లెలకు తరలివస్తాయి. 2005లో వెలువడిన ఓ అధ్యయనం మన దేశ పత్తిరైతు కుటుంబాల్లోని 50 మంది మహిళలతో, వారి అనుభవాలూ వారి ఇళ్లలోని 47 మంది మగవారి అనుభవాలూ నమోదు చేయించింది. మందు తగిలిన 323 సందర్భాల్లో దాదాపు 84 శాతం విషలక్షణాలతో ముగిశాయి. కలపడం, నింపడం కూడా కొట్టడమంత ప్రమాదమేనని తేలింది. 6 శాతం సందర్భాల్లో నరాల లక్షణాలు తీవ్రంగా కనిపించాయి. అయినా ఒక్కరంటే ఒక్కరు కూడా ఆసుపత్రికి వెళ్లలేదు!

ఇక్కడే రక్తం పెట్టే మరో చిక్కు ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. రక్తహీనత అంటే ఎర్రకణాలు, వాటిలోని హిమోగ్లోబిన్ తక్కువ. కణాలు తక్కువైతే వాటి మీదుండే ఎంజైమూ తక్కువే కదా. హిమోగ్లోబిన్ 14 గ్రాములుండాల్సిన చోట 8 గ్రాములే ఉందనుకోండి. ఒక్క చుక్క మందు తగలకపోయినా, మిల్లీలీటరు రక్తానికి లెక్కిస్తే ఎంజైము 43 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అది విషమా, రక్తహీనతా?

దీనికి విరుగుడు సులువే. ఎంజైమును మిల్లీలీటరు రక్తానికి కాకుండా గ్రాము హిమోగ్లోబిన్‌కు ఇంత అని లెక్కించాలి. విచిత్రం చూడండి... కొలిచేటప్పుడు అడ్డొచ్చిన హిమోగ్లోబినే లెక్క కట్టేటప్పుడు కొలబద్ద అవుతుంది. పొలం దగ్గర వేలికొన రక్తంతో చేసే చిన్న పరికరాలు కూడా ఎంజైముతోపాటు హిమోగ్లోబిన్‌నూ కొలిచేది ఇందుకోసమే.

పుట్టుకతోనే తక్కువైతే?

కొందరిలో ప్లాస్మా ఎంజైము జన్మతః తక్కువ. దీనికి మన తెలుగువారిలోనే ఓ ఉదాహరణ ఉంది. తరతరాలుగా సొంత సమాజంలోనే సంబంధాలు కలుపుకొనే వైశ్యుల్లో ఈ లోపం ఇతరుల కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి దీనికి కారణమైన జన్యుమార్పును గుర్తించి 2006లో ప్రకటించారు. ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ఉండాల్సిన ల్యూసిన్ బదులు ప్రోలిన్ చేరడమే ఆ మార్పు.

ఇలాంటివారు పూర్తి ఆరోగ్యంగానే ఉంటారు. వారి ఎర్రకణాల్లోని ఎంజైముకు ఏ లోటూ ఉండదు. కానీ ప్లాస్మా పరీక్ష మాత్రమే చేస్తే, జీవితంలో పురుగుమందు ముట్టనివారికి కూడా విషప్రభావం ఉందన్నట్టు చీటీ వస్తుంది. ఆపరేషన్ సమయంలో ఈ సంగతి మరీ ముఖ్యం. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్ కోలిన్‌ను విరగ్గొట్టేది ఈ ఎంజైమే. మామూలుగా కొద్ది నిమిషాల్లో వదిలిపోయే ఆ మందు ప్రభావం వీరిలో గంటల తరబడి ఉండిపోయి, ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి ఆలస్యంగా వచ్చిన చరిత్ర ఉంటే ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పడం మరవొద్దు.

కాలేయ జబ్బులు, పోషకాహార లోపం, గర్భం కూడా ప్లాస్మా ఎంజైమును తగ్గిస్తాయి.

'నార్మల్' అనే పెద్ద గది

అన్నీ సరిగ్గా జరిగాయనుకుందాం. రక్తం జాగ్రత్తగా తీశారు, చల్లగా పంపారు, గోతం బరువూ తీసేశారు. అయినా ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఆరోగ్యవంతుల్లోనే ఒకరికీ మరొకరికీ ఈ ఎంజైము ఎంతో తేడాగా ఉంటుంది. అందుకే 'నార్మల్' హద్దులు చాలా విశాలం.

ఉదాహరణకు ఓ ల్యాబు హద్దులు 4,000 నుంచి 12,000 యూనిట్లనుకోండి. ఒక రైతుకు మామూలుగా 11,000 ఉంటుంది. మందుల కాలంలో అది 6,600కి పడిపోయింది. అంటే 40 శాతం పోయింది! కానీ చీటీ 'నార్మల్' అంటుంది. పక్కింటి రైతుకు మామూలుగానే 4,500. అది 3,950 అయింది. తగ్గింది 12 శాతమే. ఆయన చీటీలో మాత్రం ఎర్రగీత. నిజంగా పొలానికి దూరంగా ఉండాల్సింది మొదటాయన. భయపడి ఇంట్లో కూర్చునేది రెండో ఆయన.

అందుకే ఈ పరీక్షలో మనిషిని ఊరందరితో కాదు, తనతోనే పోల్చాలి. మందు పట్టుకోకముందు, సీజనుకు ముందు ఒకసారి పరీక్ష చేయించి ఆ అంకె రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు చేయించినా దానితోనే పోల్చాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచీ పురుగుమందులు కొట్టే పనివారి విషయంలో చేస్తున్నది ఇదే. సొంత అంకె కంటే 20 శాతం తగ్గితే పనిలో ఎక్కడ తేడా జరుగుతోందో చూడాలి. ఎర్రకణాల ఎంజైము 70 శాతానికి గానీ, ప్లాస్మాది 60 శాతానికి గానీ పడిపోతే ఆ మనిషిని మందుల పని నుంచి తప్పించాలి. మళ్లీ 80 శాతానికి చేరాకే పొలంలోకి.

ఆ కోలుకోవడానికి ఓపిక కావాలి. ప్లాస్మా ఎంజైమును కాలేయం కొన్ని వారాల్లో మళ్లీ తయారు చేసుకుంటుంది. ఎర్రకణాల్లో మూతపడింది మాత్రం పాతకణాలు పోయి కొత్తవి వస్తేనే పూర్తిగా నిండుతుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. అంటే రోజుకు సుమారు ఒక శాతం. వారానికోసారి మందు కొట్టే మనిషికి ఆ నష్టం పూడే తీరికే దొరకదు.

పరీక్షకు దొరకని మందులు

ఈ పరీక్ష పట్టేది ఆర్గానోఫాస్ఫేట్లనూ, కార్బమేట్లనూ మాత్రమే. మిరపలో విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్, పైరెథ్రాయిడ్ మందులు ఈ ఎంజైము జోలికే పోవు. వాటితో ఒళ్లు పాడైనా కోలినెస్టరేజ్ నిండుగా ఉంటుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ కంటే ముందు తీసుకెళ్లాల్సింది మందు డబ్బా, లేదా దాని మీది లేబులు.

పాత మందుల్లో కొన్నింటికి కాలం చెల్లింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపేసింది. 2018లో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వుతో మిథైల్ పారాథియాన్ వంటివి వెంటనే, ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్ వంటివి 2020 ఆఖరుకు నిషేధంలోకి వెళ్లాయి. అయినా ఈ కుటుంబంలోని మందులన్నీ పోలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తిచేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా మరణించిన ఘటన ఆ ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో చూపింది.

పరీక్షకు వెళ్తున్నారా?

* సీజను మొదలవకముందే ఒకసారి చేయించుకుని, ఆ చీటీని పాస్‌బుక్కులా దాచుకోండి.
* ప్రతిసారీ ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చకూడదు.
* వేలికొన రక్తం తీసేముందు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. వేలిమీది మందు రక్తపు చుక్కలో కలిస్తే లేని విషం కనిపిస్తుంది.
* రక్తం ఊళ్లో ఇచ్చి పంపడం కంటే ల్యాబుకే వెళ్లి ఇవ్వడం మేలు.
* ఏ మందు, ఎప్పుడు కొట్టారో, రక్తహీనత, కాలేయ జబ్బు, గర్భం ఉంటే ఆ సంగతీ చెప్పండి.
* వీలైతే ఎర్రకణాల ఎంజైమును హిమోగ్లోబిన్‌తో కలిపి లెక్కించే పరీక్ష అడగండి.
* ఒళ్లు తూలుతున్నా, ఊపిరి బరువైనా చీటీ కోసం ఆగొద్దు. తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బునీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చట్టంలో ఉంది... చేలో లేదు

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరినవారు 8,040 మంది అని 2005లో ఓ వైద్యపత్రం లెక్క తేల్చింది. ఆ కాలంలో వివరంగా పరిశీలించిన కేసుల్లో అత్యధికం ఆత్మహత్యా యత్నాలే. ఆసుపత్రి గడప తొక్కేది అలాంటి కేసులే. చేలో మెల్లమెల్లగా ఎక్కే విషం ఏ రిజిస్టరులోనూ చేరదు. దాన్ని పట్టగలిగే సాధనాల్లో చవకైనది ఈ రక్తపరీక్షే.

కొత్తగా ఎవరూ కోరాల్సిన పని కూడా లేదు. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల్లో 37వది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేసేవారికి నెలనెలా రక్తంలో కోలినెస్టరేజ్ కొలవాలని అందులో ఉంది. ఫ్యాక్టరీలో మందు తయారుచేసే మనిషికి ఈ నిబంధన అందొచ్చు. రోజుకూలికి ఊరూరా ట్యాంకు మోసే మనిషికి నెలనెలా రక్తం తీసేదెవరు? తీసినా, అతని మొదటి అంకె ఏ పుస్తకంలో ఉంది?

దానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. జులైలో, ట్యాంకులు దులిపే వేళకు, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక శిబిరం. ఒక్కొక్కరికీ ఒక అంకె. పక్కనే హిమోగ్లోబిన్ అంకె. మిరప కోతలు మొదలయ్యే జనవరిలో ఇంకోసారి. విత్తనం ఎప్పుడు వేశామో, ఎరువు ఎన్ని బస్తాలు పడిందో రైతు లెక్క రాసుకుంటాడు. ఆ పుస్తకంలోనే మందు కొట్టే ప్రతి మనిషి పేరు పక్కన ఈ రెండంకెలూ చేరితే, రక్తం ఎంత ఎర్రగా అడ్డొచ్చినా నిజం దాగదు.